ఒక సంచి ఎక్కువ

ఐన్ సిద్ర, రుస్తాక్ దారి
20-6-1976

అక్కకు ప్రేమచంద్ వందనాలు.

కంపెనీ క్యాంపులో వంట మానేశాను. కోప్పడకుండా ఉత్తరం చివరిదాకా చదువు. రెండేళ్ళు డబ్బా చేపలూ డబ్బా బఠాణీలూ వేడిచేసి పెట్టి నా చెయ్యి మొద్దుబారిపోయింది. ఈ ఊళ్ళో అజీజా అనే పెద్దావిడ రోడ్డు పక్కన హోటలు నడుపుతోంది. లారీ డ్రైవర్లూ, రోడ్డు వేసే కంపెనీల వాళ్ళూ శుక్రవారం ఇక్కడ ఆగుతారు. ఆవిడ దగ్గర వండేది ఒక్కటే, షువా. అంటే గోతిలో వండే మాంసం.

మన నరసాపురంలో పెళ్ళిళ్ళకి తవ్వే గాడిపొయ్యి లాంటిదనుకునేవు. ఈ గొయ్యి మనిషి నిలువు లోతు ఉంటుంది. చుట్టూ రాళ్ళు పేర్చి మట్టితో మెత్తారు. బుధవారం పొద్దున్నే తుమ్మ మొద్దులు వేసి మంట పెడితే మధ్యాహ్నానికి నిప్పులౌతాయి. మేకమాంసానికి వెల్లుల్లి, ధనియాలు, జీలకర్ర, లవంగం, ఎండుమిరప నూరి పట్టించి, అరటాకుల్లో చుట్టి, ఖర్జూరాకు సంచుల్లో పెట్టి కుడతాం. సంచులు లోపల దింపి, ఇనుప మూత వేసి, అంచులు మట్టితో మూసేస్తాం. పొగ చార కూడా బయటికి రాకూడదు. మళ్ళీ శుక్రవారం నమాజు అయ్యాకే తెరవడం. ఎముకని పట్టుకుని లాగితే చేతిలోకి వచ్చేస్తుంది, మాంసం ఆకులోనే ఉండిపోతుంది.

ఊళ్ళో కొన్ని ఇళ్ళవాళ్ళు కూడా తమ సంచులు మా గోతిలోనే వేసుకుంటారు. ఎవరిది ఎవరిదో తెలియడానికి ఒకరు ఇనుప తీగ చుడతారు, ఒకరు మేక కొమ్ము ముక్క కడతారు. నాతోపాటు వంట చేసేది ఖమరుద్దీన్. కరీంనగర్ వైపు మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద. ఇన్నాళ్ళకి తెలుగులో మాట్లాడుకునే తోడు దొరికింది.

మొన్న ఒక తమాషా జరిగింది. బుధవారం పదకొండు సంచులు దింపాం. శుక్రవారం పన్నెండు పైకొచ్చాయి. అజీజా ఏమీ అనలేదు. ఆ పన్నెండోదాన్ని విప్పనివ్వకుండా గాడిద మీద వేయించి, ఎండిపోయిన వాగులోకి తీసుకెళ్ళి పూడ్పించింది. అంత మాంసం మట్టిపాలైందని ఖమరుద్దీన్ సాయంత్రందాకా బాధపడ్డాడు.

నీ డ్యూటీలు ఎలా ఉన్నాయి? ఈ ఉత్తరం బెడ్‌ఫోర్డ్ లారీ డ్రైవరుకిచ్చి పంపుతున్నాను.

నీ తమ్ముడు
ప్రేమచంద్


మస్కట్, నర్సుల క్వార్టర్స్
2-7-1976

ఒరేయ్ ప్రేమ్,

చివరిదాకా చదివే కోప్పడుతున్నాను. కంపెనీ ఉద్యోగమంటే జబ్బు చేస్తే చూసేవాళ్ళుంటారు. ఆ కొండల్లో నీకు జ్వరమొస్తే ఎవరు చూస్తారు? సరే, మనసు పడ్డావు, ఉండు. నీ ఉత్తరం వార్డులో కూర్చుని చదివితే నోరూరి, ఆ పూట హాస్టల్ పప్పు మింగుడు పడలేదు.

పదకొండు పన్నెండైందా? ఎనిమిదో తరగతిలో లెక్కల మేష్టారు నిన్ను బెంచీ ఎక్కించింది నేను మర్చిపోలేదు. ఆ పెద్దావిడ మంచిదిలా ఉంది, నీ లెక్క తప్పని మొహం మీద అనలేకపోయింది.

సోమవారం ప్రార్థనలో నీ పేరు చెప్పాను. మరిగించిన నీళ్ళే తాగు.

అక్క
కృపావతి


ఐన్ సిద్ర
26-7-1976

అక్కకు,

లెక్క తప్పలేదు. నీ ఉత్తరం వచ్చిన తర్వాత ప్రతి బుధవారం ఒక్కో సంచి దింపినప్పుడల్లా ఒక్కో గులకరాయి జేబులో వేసుకున్నాను. మూడు వారాలు చూశాను. తొమ్మిది దింపితే పది, పదమూడు దింపితే పద్నాలుగు. మూత మీద మట్టి మేము ఎలా మెత్తామో అలాగే ఉంటుంది, నా వేలిముద్రలతో సహా.

ఎక్కువ వచ్చే సంచి ఎప్పుడూ ఒక్కటే. దాని కుట్టుకి రాగి రింగు ఒకటి వేలాడుతుంది. మిగతా సంచుల ఆకు మాడి నల్లబడుతుంది, దీని ఆకు మాత్రం పచ్చగా ఉంటుంది. వాసన కూడా మేము నూరే మసాలాది కాదు. ఎండు నిమ్మకాయ, ఇంకా ఏదో పువ్వు కలిసిన వాసన.

ఊరివాళ్ళు సంచులు పైకి తీసేటప్పుడు లెక్కపెట్టరు. ఎవరి గుర్తు వాళ్ళు చూసుకుని తీసుకుపోతారు. ఆ రాగి రింగు కనిపిస్తే అటు తిరిగి నిలబడతారు.

మొన్న తొమ్మిదో తారీకు శుక్రవారం అజీజా ఒంట్లో బాగాలేక లోపల పడుకుంది. ఖమరుద్దీన్ ఆ సంచి కోసేశాడు. వద్దన్నాను. "గోష్ గోష్ లెక్కనే ఉంటది ప్రేమ్. మన్నుల వెట్టుడు పాపం, తినుడు పాపం గాదు," అన్నాడు. కడుపు నిండా తిన్నాడు. అంత మంచి మాంసం పుట్టి ఎరుగనన్నాడు. నేను పని ఉందని లేచి వెళ్ళిపోయాను.

ఇక్కడ ఎండలు చెప్పలేను. వంటవాడికి తన వంట మీద మనసు పోదంటారే, అలాగే ఉంది. నువ్వేమీ బెంగపడకు.

ప్రేమచంద్


మస్కట్
18-8-1976

ప్రేమ్‌కి,

మీ ఖమరుద్దీన్‌ని నిన్న మా వార్డులో చేర్చారు. లారీ డ్రైవరు నా పేరు చెప్పి తీసుకొచ్చాడు. నువ్వు రాసినదాన్ని బట్టి బొద్దుగా ఉండే మనిషనుకున్నాను. డ్రైవరు చెప్పకపోతే ముసలాయన ఎవరో అనుకునేదాన్ని.

జ్వరం లేదు. విరేచనాలు లేవు. రక్తం, మూత్రం పరీక్షల్లో ఏమీ లేదు. డాక్టరుగారు పొట్ట నొక్కి చూసి, ఇప్పుడే భోంచేసిన మనిషి పొట్టలా ఉందన్నారు. అతను ఐదు వారాలుగా సరిగా ఏమీ తినలేదు. "ఆకలైతలేదు చెల్లె. కడుపు నిండే ఉంటున్నది," అంటాడు. ముద్ద నోట్లో పెడితే మర్యాదగా నమిలి, మింగలేక పక్కకు తీసేస్తాడు. బాధేమీ లేదంటాడు. అదే నాకు భయంగా ఉంది. ఆకలితో పోయేవాళ్ళని చూశాను, ఆకలి లేక పోయే మనిషిని చూడలేదు.

ఇంకొకటి. రెండుసార్లు ఒళ్ళు తుడిపించాను. అయినా అతని చర్మం మీద మసాలా పొగ వాసన పోదు. పక్క మంచాలవాళ్ళు ఆ వాసనకి నోరూరి అన్నం ఎక్కువ అడుగుతున్నారు.

నువ్వు పోయిన ఉత్తరంలో పని ఉందని లేచి వెళ్ళానన్నావు. నిజం రాయి. ఆ మాంసం నువ్వు తిన్నావా?

కృపావతి


ఐన్ సిద్ర
24-8-1976

అక్కకు,

నేను ముట్టలేదు. 

నీ ఉత్తరం అజీజాకి చదివి, వచ్చిన హిందీలో చెప్పాను. ఆవిడ చేస్తున్న పని ఆపి చేతులు కడుక్కుంది. తర్వాత గోతి గట్టు మీద కూర్చోబెట్టి చెప్పింది.

నలభై ఆరేళ్ళ కిందటి సంగతి. అప్పుడీ గొయ్యి ఊరందరిదీ. పండక్కి ఇంటికో సంచి వేసేవారట. రాగి గిన్నెలు చేసే ఒకాయన ఇంటివాళ్ళు కూడా తమ గుర్తు కట్టి సంచి వేసి, అవతలి ఒడ్డున ఉన్న ముసలమ్మని పండక్కి తీసుకురావడానికి వాగు దాటుతున్నారు. ఇక్కడ చినుకు లేదు. పైన కొండల్లో పడిన వాన ఒక్కసారిగా వాగులోకి దిగింది. దాటుతున్నవాళ్ళలో ఒక్కరు మిగల్లేదు. మూడో రోజు గొయ్యి తెరిస్తే వాళ్ళ సంచి ఒక్కటి గట్టు మీద మిగిలిపోయింది. అది కరువు సంవత్సరం. పారేయడం ఎందుకని ఎనిమిది మంది పంచుకుని తిన్నారు. అందులో అజీజా తండ్రి ఒకడు.

"ఆ రోజు నుంచి మా నాన్నకి మళ్ళీ ఆకలి వెయ్యలేదు," అంది. పొలానికి వెళ్ళేవాడట, నవ్వేవాడట, పళ్ళెం ముందు కూర్చుని లేచిపోయేవాడట. రెండున్నర నెలల్లో ఎనిమిది మందీ పోయారు. గొయ్యి పూడ్చేశారు.

ఐదేళ్ళ కిందట రోడ్డు పడ్డప్పుడు ఆవిడ భర్త దాన్ని మళ్ళీ తవ్వించాడు. మొదటిసారి తెరిచినప్పుడే ఆ సంచి వచ్చింది. మరి ఎందుకు మూసెయ్యలేదని అడిగాను. 

"మూసేస్తే, ఆ ఇంటివాళ్ళు ఎవరైనా వచ్చి అడిగిన రోజున ఎక్కణ్ణుంచి తీసివ్వను?" అంది. మాకు ముందే చెప్పనందుకు నా చేతులు పట్టుకుంది. చెబితే పనికి ఎవరూ నిలవరని దాచిందట.

ఎల్లుండి నుంచి రంజాను. నెలంతా గొయ్యి తెరవం. ఖమరుద్దీన్‌ని జాగ్రత్తగా చూడు.

ప్రేమచంద్


మస్కట్
14-9-1976

ప్రేమ్‌కి,

ఖమరుద్దీన్‌ని ఇక్కడి నుంచి పంపించేశాం. అతని గురించి ఇక అడగకు.

నీ ఉత్తరం వచ్చిన వారానికి ఇక్కడ ఒకటి జరిగింది. మా వార్డు ఊడ్చే ఆయా హుస్నా అని, యాభై దాటిన మనిషి. జాంజిబార్ నుంచి తిరిగొచ్చిన ఒమానీ. నెల రోజులు ఆడవాళ్ళ వార్డులో వేశారు, ఆ రోజే మా వార్డుకి మార్చారు. చీపురు పట్టుకుని ఖమరుద్దీన్ మంచం దగ్గరికి వచ్చి అలాగే నిలబడిపోయింది. చీపురు కింద పెట్టి, వంగి అతని చెయ్యి వాసన చూసింది. ఏం చేస్తున్నావని నేను గట్టిగా అడిగాను.

"ఇది మా అమ్మ నూరే మసాలా," అంది.

ఆమెని మంచం పక్కన కూర్చోబెట్టి అడిగాను. తనకి ఆరేళ్ళప్పుడు అమ్మమ్మ ఇంట్లో ఉండగా అమ్మానాన్నా, ముగ్గురు అన్నలూ, ఇద్దరు మేనత్తలూ ఒకే రోజు వాగులో పోయారట. మేనమామ ఓడెక్కించి జాంజిబార్ తీసుకెళ్ళాడు. ఊరి పేరు తెలియదు, ఎవరూ చెప్పలేదు. తండ్రి రాగి పని చేసేవాడని మాత్రం తెలుసు. అమ్మ మసాలాలో ఎండు నిమ్మకాయతోపాటు ఎండబెట్టిన గులాబీ రేకులు వేసేదని చెప్పింది. నువ్వు పువ్వు అని రాసింది అదే అయుంటుంది.

ఇవి సాతాను పనులని పాస్టరుగారు అనవచ్చు. నాకు అలా అనిపించడం లేదు. ఎవరూ వచ్చి తీసుకోక నిలిచిపోయిన అన్నంలా అనిపిస్తోంది. ఆమెకి నేనింకా ఏమీ చెప్పలేదు. చెప్పనా?

నువ్వు తింటున్నావు కదా? ఏం తిన్నావో రోజువారీ రాయి.

అక్క


ఐన్ సిద్ర
30-9-1976

అక్కా,

నీకు అబద్ధం రాశాను. ఆ రోజు నేను లేచి వెళ్ళింది నిజమే. తిరిగొచ్చాను. ఖమరుద్దీన్ ఒక ముద్ద నా నోటి దగ్గర పెట్టాడు. ఆ వాసనకి కాదనలేకపోయాను. ఒక్క ముద్దే, అక్కా.

అతనంత తొందరగా నాకు పట్టలేదు. మొదట్లో ఒక పూట ఆకలి తెలియలేదు, ఎండ అనుకున్నాను. ఆగస్టుకి అసలే పోయింది. రంజానులో ఊరివాళ్ళంతా నన్ను మెచ్చుకున్నారు. క్రైస్తవుడై ఉండి మాతోపాటు ఉపవాసం ఉన్నాడని ముసలాళ్ళు భుజం తట్టారు. పొద్దుపోయాక వాళ్ళు ఉపవాసం విడిచేటప్పుడు నా చేతిలోనూ ఖర్జూరం పెట్టేవారు. నోట్లో పెట్టుకుని, ఎవరూ చూడకుండా ఉమ్మేసేవాణ్ణి. చెక్క నమిలినట్టుండేది.

నొప్పి లేదు. నీరసం కూడా పెద్దగా లేదు. ఎప్పుడూ విందు తిని లేచినట్టు హాయిగా ఉంటుంది. ఆ హాయే నాకు భయం. ప్యాంటు జారిపోతుంటే తాడు కట్టుకున్నాను. ఉప్పు సరిపోయిందో లేదో రుచి చూడలేని వంటవాణ్ణి అయ్యాను. 

పండక్కి గొయ్యి తెరిచారు. ఇరవై సంచులు వేశారు, ఇరవై ఒకటి వచ్చాయి. ఈసారి ఆ రాగి రింగు సంచిని నేనే పూడ్చిపెట్టాను. ఎత్తుకుంటే ఒళ్ళో పసిపిల్లని పెట్టుకున్నట్టు వెచ్చగా ఉంది.

ఖమరుద్దీన్ ఎక్కడికి వెళ్ళాడో నువ్వు రాయలేదు. నాకు అర్థమైందనుకుంటాను. హుస్నాకి అంతా చెప్పు. రమ్మని నేను అడగలేను. ఆమె ఇంటి సొత్తు తిన్నవాణ్ణి.

ప్రేమ్


మస్కట్
5-10-1976

నా తమ్ముడికి,

ఖమరుద్దీన్ పోయిన నెల పదకొండో తారీకున మధ్యాహ్నం మూడు గంటలకి పోయాడు. నేను చెయ్యి పట్టుకుని ఉన్నాను. చివరిదాకా తెలివిగా ఉన్నాడు. "ప్రేమ్‌కు నేనే తినవెట్టిన. వానిదేం తప్పు లేదు," అన్నాడు. అంటే నువ్వు ఒప్పుకోకముందే నాకు తెలుసు. నువ్వు బెదిరిపోతావని దాచాను, నేను కంగారు పడతానని నువ్వు దాచావు. ఇద్దరం చిన్నప్పుడు ఒకే చెంపదెబ్బకి చెరో చెంపా పెట్టినవాళ్ళం, ఇప్పుడిలా తయారయ్యాం.

హుస్నాకి నీ ఉత్తరాలన్నీ చదివి, వార్డులో నేర్చిన అరబ్బీలో చెప్పాను. రాగి రింగు అనగానే తన మెళ్ళో తాడు బయటికి లాగి చూపించింది, అలాంటిదే. తండ్రి ప్రతి గిన్నెకీ ఒకటి తగిలించేవాడట. మనుషులు తిన్నారన్న చోట ఆ రింగుని పిడికిట్లో పట్టుకుంది. ఆ సాయంత్రం సెలవు చీటీ మీద వేలిముద్ర వేసి తెచ్చింది.

నాకు సెలవు ఇవ్వలేదు. మలేరియా కేసులతో వార్డు నిండిపోయింది. మేట్రన్ కాళ్ళ మీద పడ్డా లాభం లేకపోయింది. ఈ ఉత్తరం హుస్నా చేతే పంపుతున్నాను. ఆమె ఏమన్నా పడు. క్షమించమని అడగమంటే అడుగు, ఏడవమంటే ఏడువు. నా దగ్గరికి మాత్రం బతికి రా.

అక్క


ఐన్ సిద్ర
17-10-1976

అక్కా,

గురువారం మధ్యాహ్నం హుస్నా లారీ దిగింది. నల్ల గుడ్డ మూట ఒకటి తెచ్చుకుంది. ఊరు చూసి ఏదీ గుర్తు రావడం లేదంది. వాగు చూసి మాత్రం కూర్చుండిపోయింది.

శుక్రవారం నమాజు అయ్యాక గొయ్యి తెరిచాం. ఊరంతా వచ్చింది. మా సంచులు తీశాక అది పైకి వచ్చింది. ఈసారి ఎవరూ అటు తిరగలేదు. హుస్నా ఆ రాగి రింగుని తన మెళ్ళో రింగు పక్కన పెట్టి చూసుకుంది. అజీజా వెళ్ళి ఆమె ముందు నేల మీద కూర్చుంది.

"మా నాన్న మీది తిన్నాడు," అంది.

ఇంకా ఎవరెవరని హుస్నా అడిగింది. అజీజా ఎనిమిది పేర్లూ చెప్పింది. పేరు చెప్పినప్పుడల్లా గుంపులో ఎవరో ఒకరు తల దించుకున్నారు. నేను ఖమరుద్దీన్ పేరు చెప్పి, నా పేరు చెప్పాను. హుస్నా నన్ను పైనుంచి కిందికి చూసింది, ప్యాంటుకి కట్టిన తాడు దగ్గర ఆగింది.

ఆమె సంచి కోసింది. ఆకులు విప్పింది. ఆ వాసన వచ్చేసరికి రెండు చేతులతో మొహం కప్పుకుంది. తర్వాత ఒక ముద్ద తిని, మాట్లాడింది. తనకి తెలిసిన అరబ్బీలోనే, నెమ్మదిగా. అజీజా నాకు హిందీలో చెప్పింది.

"ఏడుగురు తినడానికి ఇంత వండరు. మా నాన్న ఊరికి పెట్టడానికే వండాడు. పెట్టేవాళ్ళు రాకపోయేసరికి మీరే తీసుకున్నారు. ఇప్పుడు నేను వచ్చాను. నేను పెడుతున్నాను, తినండి."

ఎవరూ కదల్లేదు. అజీజా ముందు చెయ్యి చాపింది. తర్వాత ఆ ఎనిమిది ఇళ్ళవాళ్ళూ ఒక్కొక్కరే వచ్చారు. చివర నన్ను పిలిచింది. భయంతో తిన్నాను, అక్కా. రుచి ఏమీ తెలియలేదు.

శని, ఆది, సోమ గడిచాయి. నాలో ఏ మార్పూ లేదు. నాకిక ఇంతేనని నీకో ఉత్తరం రాసి చింపేశాను. మంగళవారం హుస్నా మూట విప్పింది. అందులో ఎండు నిమ్మకాయలు, గులాబీ రేకులు. మస్కట్‌లోనే కొని తెచ్చిందట. అమ్మ ఎలా చేసేదో గుర్తుచేసుకుంటూ తానే నూరి, మాంసానికి పట్టించి, సంచి కుట్టి, ఆ పాత రింగు కట్టింది. అమ్మానాన్నలకి తను ఒక్క పూట కూడా వండి పెట్టలేదంది.

బుధవారం ఆమెదానితో కలిపి పన్నెండు దింపాం. నేను లెక్కపెట్టాను, అజీజా లెక్కపెట్టింది, మొదటిసారిగా ఊరివాళ్ళు కూడా గట్టిగా లెక్కపెట్టారు. మట్టి నేనే మెత్తాను.

శుక్రవారం పదకొండు పైకి వచ్చాయి.

కొక్కెంతో అడుగంతా కెలికాం. డ్రైవరు ఇనుప గడ పట్టుకుని మూలమూలలా తడిమాడు. బూడిద తప్ప ఏమీ తగల్లేదు. రింగు లేదు, మాడిన ఆకు ముక్క కూడా లేదు. హుస్నా గట్టు మీద మోకాళ్ళ మీద కూర్చుని లోపలికి వంగి చూసింది. ఆమె ఏడుస్తుందనుకున్నాను.

"అందింది," అంది.

నేను మూత పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను. కడుపులో ఏదో మెలిపెట్టింది. నొప్పేమోనని బెదిరిపోయి చెయ్యి వేసుకున్నాను. మళ్ళీ మెలిపెట్టింది. అదేమిటో పోల్చుకోవడానికి నాకు కొంతసేపు పట్టింది.

మూత కింద పెట్టి, అజీజా దగ్గరికి వెళ్ళి, నాకు అన్నం పెట్టమని అడిగాను.

ప్రేమచంద్